మెక్‌హెన్రీ కోట మీద పెద్ద జెండా

బాల్టిమోర్ రేవులోకి ఏ ఓడ రావాలన్నా నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన ఒక నేలకొనను దాటుకుని రావాలి. ఆ కొన మీద ఉంది మెక్‌హెన్రీ కోట. గండికోట, గుత్తి కోట చూసి పెరిగిన కళ్ళకు ఇది కోటలా ఆనదు. కొండ లేదు, ఆకాశాన్నంటే బురుజు లేదు. ఐదు కొనల నక్షత్రం ఆకారంలో ఎర్ర ఇటుకతో కట్టిన గోడలు నేలను కరుచుకుని ఉంటాయి. దూరం నుంచి చూస్తే గడ్డి మొలిచిన దిబ్బే అనుకుంటాం. ఫిరంగుల కాలంలో గోడ ఎంత ఎత్తుంటే అంత ముప్పు కనుక అలా కట్టారు. ఏటవాలు మట్టికట్టలు గుండు దెబ్బను తమలోకి తీసుకుంటాయి.

అయితే ఇక్కడికి వచ్చే జనం కోటను చూడటానికి రారు. జెండాను చూడటానికి వస్తారు.

సందర్శకుల భవనంలో ముందు చిన్న సినిమా వేస్తారు. మా అక్క కొడుకు బాల్టిమోర్ శివార్లలో ఉంటాడు. వాళ్ళమ్మాయి ఐదో తరగతి. బడి పిల్లలతో కలిసి ఇదివరకే ఈ కోటకు వచ్చి వెళ్ళింది కనుక దారి పొడుగునా నాకు తనే పాఠం చెప్పింది. సినిమా చివరికొచ్చేసరికి నా చెయ్యి పట్టుకుని, "తాతా, లెయ్యి. ఇప్పుడు కూర్చోకూడదు" అంది. జాతీయగీతం మొదలైంది. తెర తొలగిపోయింది. దాని వెనక నిలువెత్తు అద్దాల కిటికీ, అందులోంచి కోట, కోట మీద గాలికి విప్పారిన జెండా. నా పక్కన చక్రాల కుర్చీలో ఉన్న ముసలాయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. అది నా దేశం పాట కాదు, నా జెండా కాదు. అయినా నా ఒళ్ళు జలదరించింది. ఒక జాతి తన గురించి తాను చెప్పుకునే కథకు ఎంత బలముంటుందో అప్పుడు ఒంటికి తెలిసింది.

ఆ కథ 1814 సెప్టెంబరు 13 తెల్లవారుజామున మొదలవుతుంది. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుని అప్పటికి 38 ఏళ్ళు. బ్రిటన్‌తో రెండోసారి యుద్ధం నడుస్తోంది. బ్రిటిష్ నౌకలు నదిలో లంగరు వేసి కోట మీద బాంబులు కురిపించాయి. వాళ్ళ బాంబులు రెండు మైళ్ళకు పైగా వచ్చి పడతాయి, కోటలోని ఫిరంగుల గుండ్లు అంత దూరం పోవు. అంటే లోపలున్న వెయ్యి మందికి తిరిగి కొట్టే వీలు లేదు, పడేవాటిని భరించాలి. అలా దాదాపు 25 గంటలు. పడిన బాంబులు 1500 నుంచి 1800 వరకు ఉంటాయని లెక్క. ఒకటి సరిగ్గా మందుగుండు గది మీదే పడింది, పేలలేదు. పేలి ఉంటే కోటే ఉండేది కాదు. చనిపోయినవాళ్ళు నలుగురు, గాయపడినవాళ్ళు 24 మంది. మర్నాడు ఉదయం బ్రిటిష్ నౌకలు వెనుదిరిగాయి. కోట సేనాని జార్జ్ ఆర్మిస్టెడ్ వాన రాత్రి ఎగరేసిన చిన్న జెండాను దింపించి పెద్ద జెండాను ఎక్కించాడు. బ్రిటిష్ వాళ్ళు బందీగా పట్టుకున్న ఒక ముసలి డాక్టరును విడిపించుకోవడానికి వెళ్ళి, దాడి ముగిసేదాకా వాళ్ళ కాపలాలో ఓడ మీద చిక్కుకుపోయిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ అనే వకీలు ఆ జెండాను దూరం నుంచి చూశాడు. చూసి పద్యం కట్టాడు. కొద్ది రోజుల్లోనే అది కరపత్రంగా అచ్చయి ఊరంతా పాకింది. దానికి కుదిరిన బాణీ లండనులోని ఒక పెద్దమనుషుల క్లబ్బు పాటది. శత్రువు మీద గెలుపు పాటకు శత్రువు ఊరి బాణీ కుదిరింది. 1931లో అదే అమెరికా జాతీయగీతమైంది.

కోట లోపలి మైదానంలో అసలు కొలతలకు కుట్టిన జెండాను మడతపెట్టే కార్యక్రమం ఒకటి ఉంటుంది. అంత పెద్ద జెండాను గాలి అనువుగా ఉన్నప్పుడే ఎగరేస్తారు. గాలి మరీ ఎక్కువైతే చిన్నది. ఉద్యానవన శాఖ ఉద్యోగి ఒకామె సందర్శకులందరినీ రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబెట్టి, చుట్టను విప్పుతూ అంచులు మా చేతులకిచ్చింది. 42 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. ఒక్కో చార రెండడుగులు, ఒక్కో నక్షత్రం కొన నుంచి కొనకు రెండడుగులు. మా పాప రెండు చేతులూ చాపి ఒక నక్షత్రాన్ని కొలిచింది. గాలి కింద నుంచి దూరినప్పుడల్లా గుడ్డ పైకి ఉబికి మమ్మల్ని లాగింది. నేటి జెండా నైలానుది, తేలిక. ఆనాటిది ఉన్ని బట్ట, నక్షత్రాలు నూలువి. తడిసినప్పుడు దాని బరువెంతో ఊహించవచ్చు. నక్షత్రాలు 15, చారలు 15. అప్పటి చట్టం ప్రకారం అంతే. చారలు మళ్ళీ 13కు తగ్గింది 1818లో.

కోట గోడ మీద నడుస్తూ నదివైపు చూస్తే దూరంగా కొత్త వంతెన పనులు కనపడతాయి. అక్కడ ఉండిన వంతెనకు ఫ్రాన్సిస్ స్కాట్ కీ పేరే పెట్టారు. 2024 మార్చి 26న రాత్రి డాలీ అనే సరుకు ఓడ ఢీకొని అది కూలిపోయింది. వంతెన మీద గుంటలు పూడుస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. అందరూ మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడోర్ నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్ళే. ఓడలో పనిచేస్తున్న నావికుల్లో ఎక్కువమంది మన దేశస్థులు. ప్రమాదం తర్వాత నెలల తరబడి వాళ్ళకు ఒడ్డుకు అడుగుపెట్టే వీలు లేకపోయింది. ఈ రేవు చరిత్ర ఎప్పుడూ ఇంతే. యుద్ధం ఎవరిదైనా, వ్యాపారం ఎవరిదైనా, నీళ్ళ మీద ఉండేవాడు ఎక్కడివాడో అయి ఉంటాడు.

ఆ యుద్ధం మొదలైందీ అలాంటివాళ్ళ గురించే. నెపోలియన్‌తో పోరాడుతున్న బ్రిటన్‌కు నావికులు చాలలేదు. నడిసముద్రంలో అమెరికా ఓడలను ఆపి, మీలో ఫలానా వాడు మావాడే అంటూ మనుషులను పట్టుకుపోయేవాళ్ళు. అలా ఎత్తుకుపోయిన అమెరికన్లు ఆరు వేలకు పైమాటే. దానికి తోడు యూరప్‌తో వ్యాపారానికి అడ్డంకులు. పడమటి సరిహద్దులో టెకుమ్సే అనే షానీ నాయకుడు ఆదివాసీ తెగలను ఏకం చేస్తుంటే వెనకాల బ్రిటిష్ వాళ్ళ చెయ్యి ఉందన్న అనుమానం. వీటన్నిటికీ మించి కెనడా మీద ఆశ. హెన్రీ క్లే, జాన్ కాల్హూన్ వంటి కుర్ర నాయకులు కాంగ్రెసులో యుద్ధం యుద్ధం అని పట్టుబట్టారు. 1812 జూన్ 18న అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ యుద్ధ ప్రకటన మీద సంతకం పెట్టాడు. ప్రతినిధుల సభలో 79 మంది అవునన్నారు, 49 మంది కాదన్నారు. సెనేట్‌లో 19కి 13. అమెరికా చరిత్రలో ఇంతగా చీలిపోయిన సభ ప్రకటించిన యుద్ధం మరొకటి లేదు. ఫెడరలిస్టు పార్టీ సభ్యుల్లో ఒక్కరూ అవునని ఓటెయ్యలేదు. విషాదమేమిటంటే, వ్యాపారానికి అడ్డంగా ఉన్న ఆజ్ఞలను ఎత్తేస్తున్నామని బ్రిటిష్ ప్రభుత్వం సరిగ్గా ఆ వారంలోనే తమ సభలో చెప్పింది. ఆ కబురు అట్లాంటిక్ దాటి వచ్చేసరికి సైన్యాలు కదిలాయి.

ఇక్కడ నా చూపు కోట నుంచి ఊళ్ళోకి మళ్ళుతుంది. బాల్టిమోర్ అంటే యుద్ధాన్ని కోరుకున్న ఊరు. ప్రభుత్వ అనుమతితో శత్రు ఓడలను కొల్లగొట్టే ప్రైవేటు ఓడలు ఈ రేవు నుంచే ఎక్కువగా బయల్దేరేవి. అదే ఊళ్ళో ఫెడరల్ రిపబ్లికన్ అనే పత్రిక యుద్ధం తప్పని రాసింది. 1812 జూన్‌లో గుంపు వెళ్ళి దాని ముద్రణాలయాన్ని నేలమట్టం చేసింది. సంపాదకుడు అలెగ్జాండర్ హాన్సన్ పత్రికను వేరేచోట అచ్చువేయించి జూలైలో మళ్ళీ ఊళ్ళోకి తెచ్చాడు. గుంపు మళ్ళీ చుట్టుముట్టింది. రక్షణ కోసమని అధికారులు హాన్సన్‌నూ అతని మిత్రులనూ జైలుకు తరలించారు. గుంపు జైలును బద్దలుకొట్టి వాళ్ళను గంటల తరబడి కొట్టింది. వాళ్ళలో జేమ్స్ లింగన్ అక్కడే చనిపోయాడు. ఆయన స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సేనాని. హెన్రీ లీ కూడా ఆ యుద్ధ వీరుడే. జార్జ్ వాషింగ్టన్‌కు ఆప్తుడు. ఆయన బతికాడు గాని మళ్ళీ కోలుకోలేదు. దేశాన్ని తెచ్చినవాళ్ళను దేశద్రోహులని కొట్టడానికి మధ్యలో 30 ఏళ్ళు కూడా నిండలేదు.

కోట సినిమాలో ఈ సంగతి నాకు కనపడలేదు. ఊళ్ళో నడిచే పర్యాటకుడికి ఎదురుపడేలా ఎక్కడా చెప్పలేదు. నాకు మాత్రం ఈ యుద్ధాన్ని అర్థం చేసుకోవడానికి ఆ బాంబుల రాత్రి ఎంత ముఖ్యమో ఈ జైలు రాత్రీ అంతే ముఖ్యం. రెండూ ఒకే ఊళ్ళో, రెండేళ్ళ తేడాలో జరిగాయి. జాతి గుర్తింపు అనేది బయటి శత్రువు ముందు నిలబడటంలో ఎంత తయారవుతుందో, లోపలివాడిని "నువ్వు మావాడివి కాదు" అని గెంటెయ్యడంలోనూ అంతే తయారవుతుంది. మన దేశంలో ఈ రెండో పని ఎంత తేలికగా జరిగిపోతుందో రోజూ చూస్తున్నాం కనుక ఇది నాకు దూరపు చరిత్ర అనిపించలేదు.

కోటలో మరో కబురు నన్ను నేరుగా మా సీమకు తీసుకుపోయింది. ఆ రాత్రి బ్రిటిష్ ఓడ ఎరెబస్ నుంచి రాకెట్లు వదిలారు. కీ రాసిన పాటలో వాటి ఎర్రటి వెలుగు ఉంది. ఆ రాకెట్లు తయారుచేసింది విలియం కాంగ్రీవ్. ఆయనకు దారి చూపింది మైసూరు. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ సైన్యాలు ఇనుప గొట్టాల్లో మందు దట్టించి, వెదురుబద్దలకు కట్టి వదిలిన రాకెట్లు 1780లో కంచి దగ్గర పొల్లిలూరు యుద్ధంలో ఇంగ్లీషు సేనను చెల్లాచెదురు చేశాయి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక దొరికినవాటిని ఇంగ్లండుకు పంపించారు. వూల్విచ్‌లో కాంగ్రీవ్ వాటిని చూసి తనవి తయారుచేశాడు. ఆ 1799 ముట్టడిలో నిజాం సైన్యం ఇంగ్లీషువాళ్ళ పక్షాన ఉంది. అందుకు ప్రతిఫలంగా టిప్పు రాజ్యంలోంచి నిజాంకు వచ్చిన భాగాలు, అంతకుముందు 1792లో వచ్చినవి కలిపి మరుసటి ఏడాదే కంపెనీ పరమయ్యాయి. అవే దత్త మండలాలు. అంటే మా కడప, అనంతపురం కుంఫిణీ చేతికి పోయిన యుద్ధమూ, బాల్టిమోర్ ఆకాశంలో ఆ ఎర్ర వెలుగుకు మూలమైన యుద్ధమూ ఒకటే. అమెరికా పిల్లలు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని పాడే పాటలో మైసూరు కమ్మరివాడి పనితనం ఉంది. బాల్టిమోర్ ఉన్న ఈ చీసపీక్ అఖాతపు తీరం దాటి తూర్పున వాలప్స్ దీవి ఉంది. అబ్దుల్ కలాం శిక్షణకు అక్కడికి వెళ్ళినప్పుడు నాసా భవనంలో టిప్పు రాకెట్ల బొమ్మను గోడ మీద చూసి గర్వపడ్డానని తన ఆత్మకథలో రాసుకున్నారు. పాపకు ఇది చెబితే, "మా టీచర్‌కి చెప్తా" అంది.

మర్నాడు జెండా పుట్టింటికి వెళ్ళాం. ప్రాట్ వీధి మూలలో చిన్న ఇటుక ఇల్లు. మేరీ పికర్స్‌గిల్ అనే వితంతువు ఓడల జెండాలు కుట్టి సంసారం నడుపుకున్న ఇల్లు. 1813లో కోట కోసం రెండు జెండాలు కుట్టమన్నారు. పెద్దదానికి 405 డాలర్ల 90 సెంట్లు. ఆ ఇంట్లో అంత జెండాను పరిచే జాగా లేదు. దగ్గర్లోని బీరు తయారీ భవనం నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని కుట్టారు. తల్లితో కూతురు, అన్న కూతుళ్ళు చేతులు కలిపారు. వాళ్ళతో పాటు గ్రేస్ విషర్ అనే నల్లజాతి పిల్ల ఉంది. పదమూడేళ్ళది, ఒప్పందం మీద ఆ ఇంట్లో పనికి కుదిరింది. ఏళ్ళ తరబడి ఈ కథలో ఆ పిల్ల లేదు. ఈమధ్యే చేర్చారు. ఆ పిల్ల ఎలా ఉండేదో చెప్పే బొమ్మ ఒక్కటీ లేదు. ఆమె కుట్టు మాత్రం దేశం పూజించే గుడ్డలో ఉంది.

అసలు జెండా వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. చీకటి గది. ఫోటోలు తియ్యనివ్వరు. కొద్దిగా వాల్చిన బల్ల మీద జెండా పడుకోబెట్టి ఉంటుంది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక నేత, చీకిన అంచులు, అతుకులు ఒక్కొక్కటే తెలుస్తాయి. 42 అడుగుల జెండాలో మిగిలింది 34 అడుగులే. కోల్పోయినదంతా యుద్ధంలో పోలేదు. ఆర్మిస్టెడ్ కుటుంబం దగ్గర తరతరాలుగా ఉన్నప్పుడు మాజీ సైనికులకూ పెద్దమనుషులకూ జ్ఞాపికగా ముక్కలు కత్తిరించి ఇచ్చారు. ఒక నక్షత్రం మొత్తంగా లేదు. దాన్ని ఎవరికిచ్చారో నేటికీ తెలియదు. గుళ్ళో ప్రసాదం పంచినట్టు పంచారు. భక్తి ఉన్నచోట వస్తువు అరిగిపోవడం సహజమే.

ఈ భక్తికి మూలమైన మనిషి గురించి కొంత చెప్పాలి. కీ మొదట్లో ఈ యుద్ధాన్నే వ్యతిరేకించాడు. తన దేశం కెనడా మీద పడటం అతనికి నచ్చలేదు. శత్రువు తన గడప దాకా వచ్చాక మనసు మార్చుకున్నాడు. అతనికి బానిసలున్నారు. తర్వాతి కాలంలో వాషింగ్టన్‌లో ప్రభుత్వ వకీలుగా బానిసత్వాన్ని ఖండించే పత్రాలు దగ్గర పెట్టుకున్నందుకు ఒక డాక్టరు మీద కేసు నడిపాడు, ఓడిపోయాడు. అతని పాట మూడో చరణంలో బానిసల మాట వస్తుంది. బ్రిటిష్ పక్షాన నిలిచినవాళ్ళ మీద కోపంగా దాన్ని చదివేవాళ్ళున్నారు. ఆ కోపానికి కారణముంది. మా వైపు వస్తే స్వేచ్ఛ ఇస్తామని బ్రిటిష్ నౌకాదళం ప్రకటిస్తే ఈ తీరం తోటల నుంచి దాదాపు నాలుగు వేల మంది పారిపోయి వాళ్ళ ఓడలెక్కారు. కొందరు ఎర్రకోటు తొడుక్కుని తమ పాత యజమానుల మీదే యుద్ధం చేశారు. తర్వాత వాళ్ళు నోవా స్కోషియాలో, ట్రినిడాడ్‌లో స్థిరపడ్డారు. మరోవైపు విలియం విలియమ్స్ అనే బానిస మేరీలాండులోని యజమాని దగ్గర నుంచి పారిపోయి, పేరు మార్చుకుని అమెరికా సైన్యంలో చేరాడు. మెక్‌హెన్రీ కోటలో అతని కాలు ఫిరంగి గుండుకు ఎగిరిపోయింది. రెండు నెలలకు చనిపోయాడు. పట్టిచ్చినవాళ్ళకు బహుమతి ఇస్తామని యజమాని వేయించిన ప్రకటన వల్లే అతని కథ మనదాకా వచ్చింది. స్వేచ్ఛ కోసం ఒకరు బ్రిటిష్ ఓడెక్కారు, ఒకరు అమెరికా కోటలో నిలబడ్డారు. ఎవరు దేశభక్తులో తేల్చే హక్కు నాకు లేదు.

కీ మనవడి సంగతి ఇంకా పదునైనది. ఫ్రాంక్ కీ హోవర్డ్ బాల్టిమోర్‌లో పత్రికా సంపాదకుడు. అంతర్యుద్ధం మొదలైనప్పుడు దక్షిణాది పక్షపాతి, లింకన్‌ను గట్టిగా విమర్శించాడు. 1861 సెప్టెంబరు 13న సైనికులు అతన్ని పట్టుకుపోయి, విచారణ లేకుండా మెక్‌హెన్రీ కోటలోనే బంధించారు. తాత కళ్ళ ముందు కోట మీద బాంబులు కురిసిన రోజుకు సరిగ్గా 47 ఏళ్ళు. అతని రాజకీయం నాకు నచ్చదు. అతను సమర్థించిన దక్షిణాది బానిసత్వం మీద నిలబడింది. అయినా ఆ ఇటుక గోడల మధ్య తిరుగుతుంటే నాకు తాత కన్నా మనవడే ఎక్కువ గుర్తొచ్చాడు. 1812లో పత్రికను గుంపు మూయించింది, 1861లో ప్రభుత్వం మూయించింది. మధ్యలో దేశానికి జెండా పాట వచ్చింది.

వాషింగ్టన్‌లో ఈ యుద్ధపు గాయాలు వెతికితే దొరుకుతాయి. బాల్టిమోర్‌కు మూడు వారాల ముందు, 1814 ఆగస్టు 24న, బ్రిటిష్ సైన్యం బ్లేడెన్స్‌బర్గ్ దగ్గర అమెరికా దళాలను తరిమి రాజధానిలోకి వచ్చింది. అధ్యక్ష భవనాన్ని, కాపిటల్‌ను తగలబెట్టింది. అంతకుముందు ఏడాది కెనడాలోని యార్క్ పట్టణంలో, అంటే నేటి టొరంటోలో, అమెరికన్లు శాసనసభ భవనాన్ని తగలబెట్టారు. కాపిటల్‌తో పాటు అందులోని మూడు వేల పుస్తకాలూ బూడిదయ్యాయి. అప్పుడు మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ తన సొంత గ్రంథాలయం అమ్ముతానన్నాడు. 6,487 పుస్తకాలు, 23,950 డాలర్లు. కాంగ్రెస్ గ్రంథాలయంలో ఆ సేకరణను గుండ్రటి అద్దాల అరల్లో అమర్చారు. నేను ఆ వలయం మధ్య నిలబడి చాలాసేపు వీపుల మీది పేర్లు చదువుకున్నాను. వంటా, వ్యవసాయం, గణితం, ఖురాన్, గ్రీకు నాటకాలు. చట్టసభకు ఇన్ని రకాల పుస్తకాలెందుకని అప్పట్లో ఫెడరలిస్టులు గొడవ చేశారు. సభ్యుడికి పనికిరాని విషయమంటూ లేదని జెఫర్సన్ వాదన. నేడు ప్రపంచంలోనే అతి పెద్ద గ్రంథాలయాల్లో ఒకటైన ఆ సంస్థ ఒక సైన్యం పెట్టిన నిప్పులోంచి ఇలా మళ్ళీ లేచింది. ఈ యుద్ధం అమెరికాకు ఇచ్చినవాటిలో నేను మనసారా మెచ్చుకునేది ఇదే.

యుద్ధాన్ని ముగించిన ఒప్పందం 1814 డిసెంబరు 24న నేటి బెల్జియంలోని ఘెంట్‌లో కుదిరింది. ఎవరి నేల వాళ్ళకే, యుద్ధానికి ముందు ఎక్కడ ఉన్నారో అక్కడే. నావికులను ఎత్తుకుపోవడం గురించి అందులో ఒక్క మాట లేదు. దేని కోసం మొదలైందో అది కాగితం మీదికే రాలేదు. మరి అమెరికాకు దక్కిందేమిటి? కథ దక్కింది. ఆ కథలో ఎవరికి చోటుంది, ఎవరికి లేదన్నదే తర్వాతి యాభై ఏళ్ళ రాజకీయమైంది.

మొదట చోటు పోగొట్టుకున్నది ఫెడరలిస్టు పార్టీ. యుద్ధం వల్ల వ్యాపారం దెబ్బతిన్న ఈశాన్య రాష్ట్రాల ప్రతినిధులు 26 మంది 1814 డిసెంబరులో హార్ట్‌ఫర్డ్‌లో రహస్యంగా సమావేశమయ్యారు. వాళ్ళు అడిగినవి అన్యాయమైనవేమీ కావు. యుద్ధం ప్రకటించాలంటే మూడింట రెండొంతుల మెజారిటీ ఉండాలి. బానిసలను లెక్కలోకి తీసుకుని దక్షిణాది రాష్ట్రాలకు ఎక్కువ సీట్లు ఇవ్వడం మానాలి. ఒకరు రెండుసార్లు అధ్యక్షులు కాకూడదు. ఈ కోరికలు పట్టుకుని వాళ్ళ దూతలు వాషింగ్టన్‌కు చేరే సమయానికి రెండు వార్తలు కలిసొచ్చాయి. ఒకటి ఘెంట్ ఒప్పందం. రెండోది 1815 జనవరి 8న న్యూ ఆర్లియన్స్‌లో ఆండ్రూ జాక్సన్ గెలుపు. ఆ గెలుపులో బ్రిటిష్ వైపు రెండు వేల మంది చనిపోవడమో గాయపడటమో పట్టుబడటమో జరిగితే, అమెరికా వైపు వందమంది కూడా లేరు. ఒప్పందం కుదిరిన రెండు వారాలకు జరిగిన యుద్ధమది. కబురు అందలేదు. దేశమంతా సంబరాల్లో ఉంటే హార్ట్‌ఫర్డ్ పెద్దలు ద్రోహులుగా మిగిలారు. 1816లో వాళ్ళ అధ్యక్ష అభ్యర్థికి 34 ఎలక్టోరల్ ఓట్లు, జేమ్స్ మన్రోకు 183. 1820 నాటికి పోటీకి మనిషే లేడు. యుద్ధం వద్దన్న పార్టీకి యుద్ధం తర్వాత బతుకు లేదన్న పాఠాన్ని అమెరికా నాయకులు అప్పుడే నేర్చుకున్నారు. బానిసల లెక్క గురించిన ఆ ఒక్క సవరణ అప్పుడే గెలిచి ఉంటే ఆ దేశం ఎన్ని దుర్మార్గాలు తప్పించుకునేదో!

అధ్యక్ష భవనం కాలిపోయాక మాడిసన్ దంపతులు దగ్గర్లోని ఆక్టగాన్ హౌస్ అనే ఇంట్లో ఉన్నారు. మేడ మీద గుండ్రటి గది ఉంది. 1815 ఫిబ్రవరి 17న మాడిసన్ ఘెంట్ ఒప్పందాన్ని ఆమోదించింది ఆ గదిలోనే. మెట్లు ఎక్కి వెళ్ళి చూశాను. కిటికీల వెలుగు తప్ప ఆర్భాటమేమీ లేని గది. ఆ ఒప్పందంలో తొమ్మిదో అంశాన్ని అమెరికన్ పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోవు. 1811 నాటికి ఆదివాసీ తెగలకు ఉన్న నేలలను, హక్కులను తిరిగి ఇవ్వాలని అందులో ఉంది. టెకుమ్సే అప్పటికే లేడు. 1813 అక్టోబరులో థేమ్స్ నది దగ్గర యుద్ధంలో చనిపోయాడు. కెనడాను కాపాడినవాళ్ళలో అతన్ని కెనడా నేటికీ తలుచుకుంటుంది. అతని జనానికి మాత్రం కెనడాలోనూ అమెరికాలోనూ దేశమంటూ దక్కలేదు. దక్షిణాన మస్కోగీ తెగవాళ్ళను, అంటే క్రీక్‌లను, 1814 మార్చిలో ఓడించిన జాక్సన్ వాళ్ళ చేత రెండు కోట్ల ఎకరాలకు పైగా రాయించుకున్నాడు. అందులో అతని పక్షాన పోరాడిన క్రీక్‌ల నేల కూడా ఉంది. తొమ్మిదో అంశం ప్రకారం అది తిరిగి రావాలి. రాలేదు. ఒప్పందం అమలు చెయ్యమని బ్రిటన్ పట్టుబట్టలేదు.

యుద్ధ వీరుడన్న పేరే జాక్సన్‌ను 1828లో అధ్యక్షుణ్ణి చేసింది. 1830లో ఆదివాసులను మిసిసిపీ నదికి ఆవలికి పంపే చట్టం మీద సంతకం చేసింది ఆయనే. టెకుమ్సే మీద పోరాడిన హారిసన్ కూడా 1840లో ఆ పేరు మీదే అధ్యక్షుడయ్యాడు. అధ్యక్ష భవనానికి ఎదురుగా లాఫయెట్ పార్కులో గుర్రం మీద జాక్సన్ విగ్రహం ఉంది. 2020 జూన్‌లో నిరసనకారులు తాళ్ళు కట్టి లాగబోతే పోలీసులు ఆపారు. మేము వెళ్ళినప్పుడు విగ్రహం చుట్టూ పిల్లలు ఆడుకుంటున్నారు. మా పాప దిమ్మె మీది పేరు చదివి, "ఈయన మంచివాడా తాతా?" అని అడిగింది. ఊరిని కాపాడాడని, చాలామంది ఊళ్ళు లాక్కున్నాడని చెప్పాను. రెండూ గుర్తుపెట్టుకోమన్నాను.

పార్కు బయట బండి దగ్గర పాపకు ఐస్‌క్రీం కొనిచ్చాను. నేనిచ్చిన ఇరవై డాలర్ల నోటు మీద జాక్సన్ బొమ్మే ఉంది. దాని బదులు హారియట్ టబ్మన్ బొమ్మ వేస్తామని 2016లో ప్రకటించారు. ఆమె ఈ చీసపీక్ తీరంలోనే, మేరీలాండు తూర్పు గట్టున బానిసగా పుట్టి, పారిపోయి, మళ్ళీ మళ్ళీ వెనక్కి వచ్చి తనవాళ్ళను విడిపించుకుపోయిన మనిషి. ఆ నోటు ఇంకా రాలేదు.